వార్తల్లో పదం: రోల్ బేస్డ్ యాక్సెస్ కంట్రోల్

సెలవులెన్ని మిగిలాయని ఆఫీసు చాట్‌బాట్‌ను ఎవరైనా అడగొచ్చు. పక్క సీటాయన జీతమెంతని అడిగితే మాత్రం అది నోరు విప్పకూడదు. అందుకే బాట్ చేసే ఒక్కో పనిని, అంటే ‘స్కిల్’ను, ఫలానా బృందానికే తెరిచి ఉంచుతారు. జీతాల స్కిల్ హెచ్‌ఆర్‌కు, బిల్లులది అకౌంట్స్‌కు. అనుమతి ఉద్యోగి హోదాను బట్టే. విభాగం మారితే పాత తాళంచెవులు చెల్లవు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పనిచేసిన డేవిడ్ ఫెరాయోలో, రిచర్డ్ కున్ 1992లో ఈ నమూనాను వివరించారు; 2004లో అది అక్కడ జాతీయ ప్రమాణమైంది.

చిక్కల్లా బృందాల జాబితాతోనే. బదిలీ అయినాయన పేరు పాత గ్రూపులో ఉండిపోతే, ఇంత ఏర్పాటూ బూడిదలో పోసిన పన్నీరే. ఆ జాబితాను చివరిసారి ఎప్పుడు సరిచూశారో మీ ఐటీ విభాగాన్ని అడగండి.