వు వెయ్: ఊరికే కూర్చోవడం కాదు, అడ్డం పడకపోవడం

పై వీడియోలో తావో గురించి నాలుగు ముక్కలు చెప్పాను. ఈ మాట ఎత్తితే చాలు, అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఏం చెయ్యకుంట కూసుంటే పంట ఎట్లొస్తదన్నా?" దానికి జవాబు ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. మాది వరంగల్ జిల్లా నెక్కొండ. మిరప, పత్తి, వరి, మక్క పండించే ప్రాంతం. అందుకే మన పొలం పనులతోనే చెప్తాను.

తావో అంటే దారి. లోకం తనంతట తాను నడిచే తీరు అన్నమాట. చైనాలో రెండు వేల ఏళ్లకు పైబడిన కిందట లావోత్సు పేరు మీద వచ్చిన 'తావో తె చింగ్' అనే చిన్న పుస్తకం ఈ ఆలోచనకు మూలం. అందులో 81 భాగాలు ఉంటాయి. దాంట్లోని ముఖ్యమైన మాట 'వు వెయ్'. ఉన్నదున్నట్టు అర్థం చెప్తే 'చేయకపోవడం'. అసలు భావం మాత్రం బలవంతం చేయకపోవడం, నడుస్తున్న దానికి అడ్డం పడకపోవడం.

లావోత్సు దీనికి నీళ్లనే గురువుగా చూపిస్తాడు. నీళ్లు ఎవరితో కొట్లాడవు, పల్లం వెతుక్కుంటూ పోతాయి, అయినా రాయిని అరగదీస్తాయి. ఇది మనకు కొత్త సంగతి కాదు. "నీరు పల్లమెరుగు" అని మన పెద్దలు ఏనాడో అన్నారు. మాకు దగ్గర్లోని పాకాల చెరువునే చూడండి. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో కట్టారు. గుట్టల నడుమ వాగు ఎటు దిగుతుందో చూసుకుని, సరిగ్గా అక్కడ కట్ట పోశారు. మన గొలుసుకట్టు చెరువులదీ అదే తెలివి. పై చెరువు నిండి అలుగు పోస్తే కింది చెరువు నిండుతుంది. మోటారు లేదు, కరెంటు లేదు. అట్లని వాళ్లు ఖాళీగా కూర్చున్నారా? కట్ట పోయడానికి ఎంత చెమట కారి ఉంటుంది! చేసిన పని నీటి నడకకు ఎదురు పోలేదు, అంతే. వు వెయ్ అంటే నాకు అర్థమైంది ఇదే.

మన రంగంలో ఈ దారిని పొలంలో చేసి చూపిన మనిషి జపాన్ రైతు మసనోబు ఫుకుఓకా. ఆయన పుస్తకం 1975లో వచ్చింది, 'గడ్డిపరకతో విప్లవం' పేరుతో తెలుగులో కూడా ఉంది. అందులో ఆయన లావోత్సును తలుచుకుంటాడు కూడా. ఆ పుస్తకంలో మనం మరవకూడని సంగతి ఒకటుంది. మొదట్లో ఆయన తండ్రి నారింజ తోటను ఏ పనీ చేయకుండా వదిలేశాడు. ఏళ్ల తరబడి కత్తిరింపుకు అలవాటుపడిన చెట్లు అవి. కొమ్మలు ఒకదానిలో ఒకటి చిక్కుకుపోయాయి, పురుగు పట్టింది, చెట్లు ఎండిపోయాయి. వదిలేయడం వేరు, ప్రకృతికి అప్పగించడం వేరు అని అక్కడ తేలింది. తర్వాత ఆయన దశాబ్దాల తరబడి ఒక్కో పనిని పట్టుకుని, ఇది మానేస్తే ఏమవుతుందని పరీక్షించి చూశాడు. దున్నకుండా, రసాయనాలు వేయకుండా, గడ్డి పరిచి వడ్లు పండించాడు. అంటే 'ఏమీ చేయని సేద్యం' చేయాలంటే ముందు చాలా చూడాలి.

ఇప్పుడు మన మిరపకు వద్దాం. 2021 నుంచి నల్ల తామర పురుగు మనల్ని ఎంత ఏడిపించిందో చెప్పనక్కర లేదు. పూతలో పురుగు కనపడగానే చేయి ఆగదు. పక్క చేనాయన కొడుతున్నాడు, మనం కొట్టకపోతే ఎట్లా అని భయం. కానీ కొట్టిన ప్రతిసారీ ఆ పురుగును తినే సాలీళ్లు, చిన్న నల్లులు కూడా పోతాయి. మిగిలిన పురుగుకు అడ్డు లేకుండా పోతుంది. అప్పు మాత్రం మనకు మిగులుతుంది. 1997-98లో పత్తికి పురుగు చావక మళ్లీ మళ్లీ కొట్టి, అప్పులపాలై, మన జిల్లాలో రైతులు అదే మందు తాగి చనిపోయిన రోజులు మరిచిపోయేవి కావు. అదే ఉమ్మడి జిల్లాలో, లింగాల ఘనపురం మండలం ఏనబావిలో, ఊరు ఊరంతా ఒక్కమాట మీద రసాయనాలు మానేసి 2006లో ఆ సంగతి ప్రకటించింది. వాళ్లు పని మానలేదు. అడ్డం పడే పనిని మానేశారు.

ప్రకృతి వ్యవసాయం చేసే మనకు కూడా ఇది వర్తిస్తుంది. ఒక వీడియో చూసి నీమాస్త్రం, ఇంకో వీడియో చూసి అగ్నిఅస్త్రం, వారం తిరగకముందే మూడోది కొట్టేవాళ్లు ఉన్నారు. డబ్బా మారింది గానీ మనసు మారలేదు. పొగాకు, మిరప, వెల్లుల్లి ఘాటు మంచి పురుగును కూడా విడిచిపెట్టదు కదా. అందుకే ట్యాంకు భుజానికి ఎత్తుకునే ముందు నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ పని పొలంలో ఇప్పటికే ఎవరైనా చేస్తున్నారా? రెండు రోజులు ఆగితే నిజంగా ఏం పోతుంది? పంటకు అవసరమై చేస్తున్నానా, నా భయం తీరడానికి చేస్తున్నానా? పొద్దున పది మొక్కల పూలు తెల్ల కాగితం మీద దులిపి పురుగులు లెక్కపెడితే, మళ్లీ రెండు రోజులకు లెక్కపెడితే, పెరుగుతోందా తగ్గుతోందా తెలిసిపోతుంది. పెరుగుతుంటే తప్పకుండా చేయాలి. చూస్తూ పంట పోగొట్టుకొమ్మని తావో చెప్పదు.

నీళ్ల సంగతిలో చువాంగ్ త్సు అనే మరో తావో పెద్ద కథ చెప్తాడు. ఒక ముసలాయన కుండతో నీళ్లు మోసి తోట తడుపుతుంటాడు. దారిన పోయే చదువుకున్నాయన ఏతం పెట్టుకో, ఒక్క రోజులో వంద మడులు తడుస్తాయి అంటాడు. ఏతం సంగతి నాకూ తెలుసు, యంత్రంతో బతికితే మనసు కూడా యంత్రమైపోతుందని ముసలాయన జవాబు. ఇప్పుడు బోర్లు తీసేయమని నేను అనను. 2018 జనవరి 1 నుంచి మనకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. దాంతో పాటు ఆటో స్టార్టర్ కూడా ఉంది. మనం నిద్రపోతున్నా మోటారు పోస్తూనే ఉంటుంది, మడి నిండినా ఆపేవాడు లేడు. యంత్రం మనసంటే ఇదే.

వరిలో ఒక చిన్న పని చేసి చూడండి. 30 సెంటీమీటర్ల పైపుకు కింది సగం రంధ్రాలు పెట్టి, ఆ సగం మడిలో దిగేలా పాతండి. లోపలి మట్టి తీసేయండి. నీళ్లు నేల మట్టం నుంచి 15 సెంటీమీటర్లు కిందికి దిగినప్పుడే మళ్లీ పెట్టండి. నాటిన మొదటి రెండు వారాలు, పూత సమయంలో మాత్రం మడిలో నీళ్లు ఉండాలి. మోటారు ఎప్పుడు వేయాలో భయం కాదు, మడే చెప్తుంది.

ఇంట్లో కూడా ఇంతే. ధర కోసం గంటకోసారి ఫోన్ చూస్తే ఎనుమాముల మార్కెట్లో రేటు పెరగదు. పిల్లవాడి చదువును రోజూ గుంజితే వాడు ముందుకు పోడు, మొలకను పైకి లాగితే వేరే తెగుతుంది. నలుగురు పదెకరాలు కౌలుకు పట్టారని మనమూ పట్టాల్సిన పని లేదు. చాలు అనుకోవడం తెలిసినవాడికి అప్పు భయం తక్కువ.

ఒక్కసారే పొలమంతా మార్చకండి. ఈ యాసంగిలో పది గుంటలు పక్కకు పెట్టి, అందులో ఒక్క పని మానేసి చూడండి. ఏం మానేశారో, ఏమైందో తేదీలతో పుస్తకంలో రాసుకోండి. పంట కోసినంక ఖర్చు, దిగుబడి రెండూ మిగతా పొలంతో పోల్చుకోండి. వచ్చే ఏడు ఏ పని వదలాలో ఆ లెక్కే చెప్తుంది.