నడివయస్సులో కాలేయపు ఎంజైములు ఎందుకు పెరుగుతాయి?

చరక సంహితలోని విమానస్థానంలో రక్తాన్ని వహించే స్రోతస్సులకు మూలస్థానాలుగా రెండు అవయవాలను చెప్పారు: ఒకటి యకృత్తు, రెండవది ప్లీహం. ఆ యకృత్తునే మనం నేడు కాలేయం అంటున్నాము. కుడివైపు పక్కటెముకల క్రింద ఉండి, తిన్న అన్నాన్ని శరీరానికి పనికివచ్చేట్లు మార్చడం, విషపదార్థాలను విరిచివేయడం, పైత్యరసాన్ని తయారుచేయడం దాని ధర్మం. చాలాకాలం బాధను పైకి చెప్పకుండా పనిచేయడం కూడా దాని స్వభావమే.

జాతకం చూపించుకోవడానికి నా వద్దకు వచ్చే గృహస్థులలో కొందరు రక్తపరీక్ష కాగితం కూడా వెంట తెస్తుంటారు. అందులో కాలేయపు లెక్క హెచ్చుగా ఉంటుంది. వారిని రోగభయం కంటె లోకనింద ఎక్కువగా బాధిస్తుంది. "అయ్యగారూ, నేను మద్యం ముట్టి ఎరుగను. ఈ కాగితం చూస్తే నలుగురూ ఏమనుకుంటారు?" అని అడుగుతారు. ఆ సంకోచంతోనే ఇంట్లోవారికీ చెప్పక, వైద్యుని వద్దకూ పోక దాచుకునేవారున్నారు. అటువంటివారి కోసమే ఈ వ్యాసం. నేను వైద్యుణ్ణి కాను. తెలిసిన వైద్యులను అడిగి, చదివి గ్రహించిన విషయాలను మనవి చేస్తున్నాను.

ఆ లెక్క చెప్పేదేమి?

కాలేయ కణాలలో ఎంజైములనే పదార్థాలుంటాయి. కణం దెబ్బతిన్నప్పుడు అవి రక్తంలోకి కారుతాయి. కుండకు బీట పడితే నీరు బయటికి ఊరినట్లు. కాగితంపై ఎస్.జి.పి.టి., ఎస్.జి.ఓ.టి. అని ఉండేవి అవే. వీటినే ఎ.ఎల్.టి., ఎ.ఎస్.టి. అని కూడా వ్రాస్తారు. పరీక్షశాలను బట్టి కొంత భేదమున్నా, సాధారణంగా లీటరుకు 40 యూనిట్ల వరకు సహజమని భావిస్తారు. లెక్క పెరిగిందంటే ఎక్కడో దెబ్బ తగిలిందని అర్థం. కొట్టినవారెవరో ఆ లెక్క చెప్పదు. అది విచారించి తెలుసుకోవలసిన విషయం.

ఎస్.జి.ఓ.టి. కండరాలలోనూ ఉంటుంది. పాదయాత్ర చేసి వచ్చిన మరునాడో, అలవాటు లేని బరువులు మోసిన తరువాతో పరీక్ష చేయిస్తే కాలేయం బాగున్నా లెక్క పెరగవచ్చు. ఆ సంగతి వైద్యునికి చెప్పి, కొన్నాళ్ళు ఆగి మరల చేయించుకోవడం ఉత్తమం.

మద్యం ముట్టనివారికి కూడా

నడివయస్సులో నేడు అధికంగా కనిపించే కారణం కాలేయంలో కొవ్వు చేరడం. మధుమేహం, పెరిగిన పొట్ట, రక్తంలో కొవ్వు, కూర్చుని చేసే ఉద్యోగం దీనికి దారితీస్తాయి. మూడు పూటలా అన్నం, చక్కెర వేసిన చాయ్ నాలుగైదు మార్లు, పండుగ పేరున వారాల తరబడి నూనెవంటలు, నడక లేని దినచర్య. ఇది ఆచారపరుల ఇళ్ళలోనూ ఉన్నదే. ముట్లుడిగిన స్త్రీలకు కూడా ఈ ప్రమాదం పెరుగుతుంది. పురుషులకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటితే జాగ్రత్తపడాలి.

దీనికి ఔషధం చాలావరకు మన చేతిలోనే ఉంది. బరువులో నూటికి ఏడు నుంచి పది వంతులు తగ్గితే కాలేయంలోని కొవ్వు, వాపు తగ్గుతాయి. 80 కిలోలున్నవారు ఆరు నుంచి ఎనిమిది కిలోలు తగ్గాలన్నమాట. అదీ నెలల మీద, నిదానంగా. పగలంతా ఉపవసించి రాత్రి ఫలాహారమని చక్కెర పొంగలి, బజ్జీలు భుజిస్తే వ్రతఫలమేమో గాని కాలేయానికి మేలు జరగదు. ప్రసాదం ప్రసాదమంతే స్వీకరించాలి, భోజనమంత కాదు.

మద్యం తీసుకునేవారికి

కల్లు, ఇప్పసారా, గుడుంబా, దుకాణపు సీసా, వీటిలో ఏదైనా కాలేయానికి ఒక్కటే. వైద్యునికి ఉన్నదున్నట్లు చెప్పాలి. అక్కడ దాచితే చికిత్స దారి తప్పుతుంది. కొండగట్టు అంజన్న మాల ధరించి మండలం రోజులు మద్యం మానేవారు మన ప్రాంతంలో వేలమంది. మానిన కొన్ని వారాలలోనే చాలామందికి ఈ లెక్కలు దిగివస్తాయి. దీక్ష ఇచ్చిన ఆ లాభాన్ని మాల విరమించిన నాడే పోగొట్టుకోవద్దని నా ప్రార్థన. అయితే నిత్యం ఎక్కువగా త్రాగేవారు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ రావచ్చు. వారు వైద్యుని సలహాతోనే దీక్షకు పూనుకోవాలి.

కంటికి కనపడని వైరస్

హెపటైటిస్ బి, సి వైరస్‌లు ఏ లక్షణమూ లేకుండా ఏండ్ల తరబడి కాలేయంలో ఉండగలవు. గల్ఫ్ దేశాలకు ప్రయాణమైన మన యువకులలో కొందరికి వీసా కోసం చేసే వైద్యపరీక్షలోనే ఆ సంగతి మొదటిసారి తెలుస్తుంది. ఇవి రక్తం ద్వారా, అరక్షిత సంపర్కం ద్వారా, తల్లి నుండి బిడ్డకు సంక్రమిస్తాయి. వేములవాడలో గాని, ధర్మపురిలో గాని తలనీలాలు సమర్పించేటప్పుడు కొత్త బ్లేడు వేయమని అడగండి. అది మీ హక్కు. కలిసి భోజనం చేయడం వలన, ఒకే పంక్తిలో కూర్చోవడం వలన బి, సి వైరస్‌లు రావు. ఆ రోగులను దూరంగా ఉంచడం అధర్మం. బి రాకుండా టీకా ఉంది. సి మాత్రలతో కొద్ది నెలలలో నయమవుతుంది. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ కార్యక్రమం క్రింద వీటికి పరీక్షలు, మందులు ఉచితం.

మందులు, పసర్లు

క్షయకు వాడే మందులు, మూర్ఛకు, కీళ్ళవాతానికి వాడే కొన్ని మాత్రలు లెక్కను పెంచవచ్చు. అంతమాత్రాన సొంతంగా మానవద్దు, వైద్యునికి చెప్పండి.

ఇక పసరు సంగతి. సంస్కృతం చదివినవానిగా దీన్ని నిర్మొహమాటంగా చెప్పడం నా బాధ్యత. పసిరికలకు నేల ఉసిరి పసరు ఇవ్వడం మన వైపు వాడుక. 1988లో మద్రాసు పరిశోధకులు, హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొని నోబెల్ బహుమతి పొందిన బ్లూంబర్గ్‌తో కలిసి, ఈ మొక్కను 37 మందికి ఇవ్వగా 22 మంది రక్తంలో వైరస్ జాడ పోయిందని ప్రకటించారు. తరువాత ఇతర చోట్ల చేసిన పరీక్షలలో ఆ ఫలితం నిలువలేదు. కరోనా కాలంలో తిప్పతీగను విడువక వాడి కాలేయం దెబ్బతిన్నవారి వివరాలను ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. మూలిక అయినంత మాత్రాన హాని లేదనుకోరాదు. మోతాదు, రోగి, కాలం చూడకుండా ఔషధమివ్వమని ఆయుర్వేదం కూడా చెప్పలేదు. మీరు వాడే ప్రతి చూర్ణం, భస్మం, పసరు పేరు వైద్యునికి తెలపండి.

ఏమి చేయాలి?

లెక్క కొద్దిగా పెరిగితే కంగారు వద్దు, ఉపేక్షా వద్దు. మరల పరీక్ష చేయించి, చక్కెర, థైరాయిడ్, హెపటైటిస్ బి, సి పరీక్షలతో పాటు పొట్ట స్కానింగ్ అవసరమేమో వైద్యుణ్ణి అడగండి. కొవ్వు చేరినా లెక్క సహజంగానే ఉండవచ్చు గనుక మధుమేహులు మరింత శ్రద్ధ వహించాలి. కరీంనగర్, ఆదిలాబాద్ కేంద్రాలలో 2021లో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ నెలకొన్నది. సర్కారు దవాఖాన వైద్యుడు వ్రాసిస్తే కాలేయ పరీక్షకు రుసుము లేదు.

కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగుగా రావడం, పొట్ట నీటితో ఉబ్బడం, రక్తవాంతి, నల్లని విరేచనం, మతి తప్పడం, ఇవి కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా దవాఖానకు చేరాలి. మొక్కు మొక్కుకోండి, తప్పక తీర్చుకోండి. దవాఖానకు వెళ్ళే బండి ఎక్కిన తరువాత మొక్కుకున్నా స్వామి వింటాడు.