కాలువ గట్టున చుట్టిల్లు

నెల్లూరు నుండి మైపాడు తీరానికి పోయే బాట బకింగ్‌హాం కాలువను దాటుతుంది. 1806 లో మద్రాసు వద్ద ఆరంభమైన ఈ జలమార్గంలో అడయారు, కూవం నదుల నడుమ భాగాన్ని 1877-78 లో త్రవ్వినవారు ధాత కరవు బాధితులు. ఉప్పు, వంటచెరకు మోసిన పడవలు నేడు లేవు. అయినను 2004 సునామీలో అలల ఉధృతిని పలుచోట్ల ఈ కాలువయే తనలో ఇముడ్చుకొన్నది.

తీరవాసుల చుట్టిల్లూ అట్టి రక్షకమే. గుండ్రని మట్టిగోడకు మూలలు లేవు. కనుక తుపానుగాలి తాకి నిలువక చుట్టూ జారిపోతుంది. క్రిందికి దిగిన తాటాకు చూరు ఎండను, వానజల్లును ఆపుతుంది. అందులో ఒక రాత్రి విడిది చేసిన అతిథికి వేసవిలోనూ చల్లదనం, ప్రశాంతత లభిస్తాయి. పక్కా ఇండ్ల రాకతో చుట్టిండ్లు అరుదైపోతున్నవి. కట్టడం తెలిసిన వృద్ధులు ఉండగానే విద్యార్థులు వారి నోట ఆ కొలతలు విని వ్రాసికొనుట మేలు. పూడిన కాలువను మరల త్రవ్వవచ్చు. మరచిన విద్యను త్రవ్వి తీయలేము.