బిట్‌కాయిన్‌తో ఏ పని జరుగును?

కోనసీమలో వృద్ధగౌతమి యొడ్డున మురమళ్ళ యను గ్రామము కలదు. భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామికి నిత్యకల్యాణము జరుగు క్షేత్రముగా దానిని మన సోదరీమణులలో పెక్కుమంది యెఱుగుదురు. మేమును ఈ నడుమ స్వామి దర్శనము చేసికొని, ఎఱిగినవారి యింట ఒక దినము నిలిచితిమి. ఆ యిల్లాలి కోడలు కువైటులో ఒకరి యింట పనిచేయుచు నెలనెలా డబ్బు పంపుచున్నది. పదునాఱేండ్ల మనుమడు ఈమె యొద్ద నుండి చదువుకొనుచున్నాడు.

"మామ్మా, అమ్మ పంపినదాంట్లో పదివేలు బిట్‌కాయిన్‌లో పెడతాను. ఆరు నెలల్లో రెట్టింపవుతుందట" అని వాని పట్టు. "ఒరేయ్, అది జూదంరా! ఆ మాట ఇంట్లో ఎత్తకు" అని ఆమె కోపము. ఇరువురును మమ్ము తీర్పు చెప్పుమనిరి.

ఇట్టి తగవు నేడు పెక్కిండ్ల జరుగుచున్నది. బిడ్డలు "ఎంత పెరుగును?" అని యడుగుదురు, పెద్దలు "వలదు" అందురు. "దానితో ఏ పని జరుగును?" అని యడుగువారు అరుదు. ఎదిగిన బిడ్డలకు మొట్టమొదట నేర్పవలసినది ఆ ప్రశ్నయే. చేతిలో ఫోనున్న బిడ్డ మనము చెప్పకున్నను ఆ మాట వినకపోడు. మనము చెప్పనిచో మోసగాడు చెప్పును.

పూర్వము గ్రామలెక్కలు కరణముగారి యొద్ద నుండెడివి. 1984లో ఆ యుద్యోగము రద్దగువఱకు ఊరివారి భూముల వివరము ఆయన పుస్తకమే చెప్పవలెను. అట్టి పుస్తకమునకు ప్రతి యింటను ఒక ప్రతి యున్నదనుకొనుడు. ఒకరు తమ ప్రతిలో దిద్దినను తక్కినవారి ప్రతులు దానిని బయటపెట్టును. బిట్‌కాయిన్ అట్టి లెక్కపుస్తకమే. సతోషి నకమోటో అను పేరుతో 2008 అక్టోబరు 31న దీని పథకము వెలువడెను. 2009 జనవరి 3న పుస్తకము మొదలయ్యెను. ప్రపంచమందలి వేలకొలది కంప్యూటర్లలో దాని ప్రతులు కలవు. సుమారు పది నిమిషములకొక క్రొత్త పుట చేరుచుండును. మొత్తము నాణెములు 2 కోట్ల 10 లక్షలకు మించకూడదని నియమము. ఇందు చేతికందు నాణెము లేదు. ఎవరికెంత యున్నదను వ్రాత మాత్రమే కలదు.

ఇక ఉపయోగము. అఫ్ఘనిస్తానములోని హేరాత్ నగరమున రోయా మహబూబ్ అను యువతి కంప్యూటరు సంస్థ నడపెను. ఆమె యొద్ద పనిచేసిన బాలికలలో పెక్కుమందికి బ్యాంకుఖాతాలు లేవు. చేతికిచ్చిన జీతము ఇంటి మగవారి పాలగు భయము కలదు. అందుచేత ఆమె 2013 ప్రాంతమున బిట్‌కాయిన్ రూపమున జీతములిచ్చుట మొదలిడెను. ఆ డబ్బు ఆ బాలికల యధీనముననే నిలిచెను. మన పెద్దలు స్త్రీధనమని దేనినందురో దానికి ఇది క్రొత్త పెట్టె యని మాకు తోచినది. బ్యాంకు లేనిచోట, ఉన్నను తలుపు తెఱువనిచోట, ఇది నిజముగా ఒక పని చేయును.

అయినను అన్ని చోట్లను ఆ పని అవసరము కాదు. ఎల్ సాల్వడార్ దేశము 2021 సెప్టెంబరులో దీనిని చట్టబద్ధమైన ద్రవ్యముగా ప్రకటించెను. పరదేశముల నుండి కష్టజీవులు పంపు డబ్బు తక్కువ ఖర్చుతో వచ్చునని వారి యాశ. జనులు అంతగా వాడలేదు. 2025 జనవరిలో వర్తకులు తప్పక తీసికొనవలెనను నియమమును తొలగించిరి. మన దేశమున 2016లో వచ్చిన యూపీఐ వలన కూరగాయల బండి యొద్దనే ఫోనుతో డబ్బు చెల్లించుచున్నాము. కువైటులోనో, బిట్‌కాయిన్‌తో చెల్లింపులు 2023లోనే నిషేధింపబడినవి. కావున ఆ కోడలి కష్టార్జితము బ్యాంకు త్రోవనే రావలెను.

ఈ సంగతులు చెప్పి ఊరకుండక, ఆ సాయంకాలము ఇరుగుపొరుగు బిడ్డలు నలుగురిని పిలిచితిమి. మనుమనితో గూడ ఐదుగురికి ఐదు నోటుపుస్తకములిచ్చి, ఎవరికెన్ని చింతగింజలు కలవో వ్రాయించితిమి. గింజలు మాత్రము పంచలేదు. ఒకరు మఱియొకరికి మూడిచ్చినచో ఐదుగురును వ్రాసికొనవలెను. ఒక చిన్నది ఎవరును చూడకుండ తన ఐదును పదునైదుగా దిద్దుకొన్నది. తక్కిన నాలుగు పుస్తకములును ఒప్పుకొనలేదు. పిల్లలు గొల్లున నవ్విరి, పాఠము బోధపడినది.

పిమ్మట పండ్రెండు మాటలు వ్రాసిన చీటి యొకటి మనుమని చేతికిచ్చి, "ఇదే నీ తాళపుచెవి, దాచుకొనుము" అంటిమి. బిట్‌కాయిన్ సొంతముగా దాచుకొనువారికి సామాన్యముగా పండ్రెండో ఇరువదినాలుగో మాటలే తాళపుచెవి. అవి పోయిన డబ్బు పోయినట్లే. పరులు చూచిన, పరుల సొత్తే. పొరబాటున పంపినదానిని త్రిప్పి యిప్పించు అధికారి లేడు. రాత్రి భోజనమైన పిదప అడుగగా, చీటి చొక్కాజేబులో నుండి చాకిరేవు బండ మీదికి పోయినదని తేలెను!

కడపట లెక్క చేయించితిమి. బిట్‌కాయిన్ వెల 2021 నవంబరులో 69 వేల డాలర్ల దరిదాపునకు చేరి, ఏడాది తిరుగునప్పటికి 16 వేలకు దిగజాఱెను. ఆ పై వెలకు పెట్టిన పదివేల రూపాయలు అప్పటికి సుమారు నాలుగవ వంతు. లాభము వచ్చినచో 2022 ఏప్రిల్ నుండి నూటికి 30 చొప్పున పన్ను. నష్టమును వేఱొక యాదాయములో తగ్గించుకొన వీలులేదు. పదునెనిమిదేండ్లు నిండనివారికి క్రమముగా నడచు సంస్థలు ఖాతా తెఱువవు. రెట్టింపు చేసెదమని తానై ఫోను చేయువాడు మోసగాడే. డబ్బు పోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఆ సిగ్గును పోగొట్టుట తల్లుల పని.

సోదరీమణులారా! బిడ్డను కసరినచో వాడు మన యెదుట మాట్లాడుట మానును గాని, ఆశ మానడు. ప్రక్కన కూర్చుండి లెక్క చేయించుడు.

మేము బయలుదేరునపుడు ఆ బాలునికి మఱియొక లెక్క యిచ్చితిమి: "ఆ పదివేలు సంపాదించుటకు మీ యమ్మ ఎన్ని దినములు పనిచేయవలెనో ఆమెనే యడిగి వ్రాయుము." ఆ రాత్రియే వాడు తల్లికి ఫోను చేసెనట. ఏమి వ్రాసెనో నాయనమ్మకు చూపలేదు. పదివేల మాట మాత్రము మరల ఎత్తలేదని ఆమె మాకు కబురు పంపినది. పాఠము చెప్పుటకు మఱల ఎప్పుడు వత్తురని వాడడుగుచున్నాడట.