వేషం గంటసేపు... వెచ్చదనం చలికాలమంతా!

ఒకరు అల్లూరి సీతారామరాజు. మరొకరు ఝాన్సీ లక్ష్మీబాయి. బోసినవ్వుల గాంధీతాత ఇంకొకరు. ప్రైమరీ స్కూల్లో ఫ్యాన్సీ డ్రస్ అంటే ఆ సందడే వేరు. పిల్లలకు సరదా... అమ్మానాన్నలకు హైరానా! అద్దెకు తెచ్చిన వేషం గంటసేపే. ఫొటో దిగగానే మళ్లీ దుకాణానికే.

ఆ సరదాకి నలుగురికీ ఉపయోగపడే దారి చూపించాయి బ్రిటన్ బడులు. 1980లో బీబీసీ టీవీలో మొదలైన 'చిల్డ్రన్ ఇన్ నీడ్' కోసం ఏటా నవంబరులో ఓ రోజు పిల్లలు యూనిఫాం పక్కనపెట్టి, చుక్కల చొక్కాలో, నచ్చిన వేషాల్లో బడికొస్తారు. తలా ఒక పౌండో, తోచినంతో డబ్బాలో వేస్తారు. 1988లో మొదలైన 'రెడ్ నోస్ డే'కైతే ముక్కుకి ఎర్రటి బంతి తగిలించుకుంటారు. అలా పోగైన సొమ్ము అవసరంలో ఉన్నవారికి వెళుతుంది.

అంతా బాగానే ఉంది. మరి వేషం కొనలేని ఇంటి పిల్లల సంగతేంటి? ఆ రోజు బడి ఎగ్గొట్టాల్సిందేనా? అక్కడి తల్లిదండ్రులు అడిగిన ప్రశ్న ఇదే. అందుకే చాలా బడులు పద్ధతి మార్చాయి. ఇంట్లో ఉన్న బట్టలే చాలన్నాయి. పాత వేషాలు ఒకరికొకరు మార్చుకోమన్నాయి. డబ్బు ఇవ్వడం, మానడం మీ ఇష్టమన్నాయి.

మనకూ ఇలాంటి అలవాటు కొత్తేమీ కాదు. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం చేస్తున్నాం. చిన్న జెండా చొక్కాకి గుచ్చుకుని సైనికుల కుటుంబాల కోసం చిల్లర వేసిన పిల్లలు ఎందరో. 2009లో మొదలైన 'జాయ్ ఆఫ్ గివింగ్ వీక్' ఇప్పుడు 'దాన్ ఉత్సవ్'గా ఏటా అక్టోబరు 2 నుంచి 8 దాకా జరుగుతోంది.

అది వేషం కాదు!

అల్లూరి జిల్లా డుంబ్రిగుడ పేరు చెబితే పర్యాటకులకు చాపరాయి జలపాతం గుర్తొస్తుంది. అరకు వచ్చి గిరిజన దుస్తుల్లో ఫొటో దిగేవారూ ఎక్కువే. పట్నం బడిలో 'ట్రైబల్ డ్రస్' ఒక వేషం. ఈ కొండల్లో మాత్రం అది అమ్మమ్మ కట్టు. మోకాలి కిందకి బిగించి కట్టిన చీర, ఒకరి నడుం వెనక ఒకరు చేతులు కలిపి, తుడుము, మోరి మోతకు ఆడే థింసా... ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు మన్యంలో కనిపించేది నటన కాదు, గుర్తింపు. గదబ మహిళలైతే ఒకప్పుడు కెరంగు మొక్క నార తీసి, రంగులద్ది, చారల బట్ట స్వయంగా నేసుకునేవారు.

సర్కారు బడి పిల్లలకు యూనిఫాం, బూట్లు కిట్టుగా అందుతున్నాయి. కానీ డిసెంబరు, జనవరి నెలల్లో అరకు లోయ గజగజా వణుకుతుంది. పొగమంచులో నడిచి బడికెళ్లే పిల్లలకు కావాల్సింది స్వెట్టరు.

అందుకే, మీ పిల్లల బడిలో ఈసారి ఫ్యాన్సీ డ్రస్ పెడితే ఇలా చేసి చూడొచ్చు. వేషాలు ఇంట్లోని పాత చీరలతో, అట్టముక్కలతో. మిగిలిన అద్దె డబ్బు స్వెట్టర్లకి. ముందుగా అక్కడి టీచర్లనడిగి ఎందరు పిల్లలు, ఏ సైజులు అన్నది రాసుకోవాలి. చిరిగినవి, మాసినవి ఇవ్వకూడదు. పంచేటప్పుడు పిల్లల్ని వరసలో నిలబెట్టి ఫొటోలూ తీయకూడదు.

ఇచ్చేది చిన్నదే కావచ్చు. పుచ్చుకునే చిన్నారి తల దించుకోకుండా ఉంటేనే అది సాయం!