తివాచీ లేపితే...

మొన్నటి వేసవిలో హైదరాబాద్‌లోని మా అక్కావాళ్లింట్లో హాలు తివాచీ మార్చాలనుకున్నారు. గృహప్రవేశానికి ముచ్చటపడి గోడ నుంచి గోడకు పరిపించింది. ఇరవై ఏళ్లు కావస్తోంది. మెరూన్ రంగు కాస్తా ఇటుకపొడిలా తయారైంది. కొత్తదానికి కొలతలు తీసుకోవడానికి వచ్చిన కుర్రాడు ఓ మూల పట్టుకుని లేపాడు. అంతే, అందరికీ ఒకటే తుమ్ములు! అడుగున పొడిపొడిగా రాలిన రబ్బరు, కిటికీ పక్కన నల్లటి బూజు. 'చూస్తూనే ఉన్నావుగా, వారంవారం వాక్యూమ్ పెడుతూనే ఉన్నానే' అంది అక్క, మొహం చిన్నబుచ్చుకుని.

తప్పు తనది కాదు. వాక్యూమ్ పైపై దుమ్మునైతే లాగుతుంది కానీ పోగుల మొదట్లో కాపురముండే డస్ట్‌మైట్లను పూర్తిగా వదిలించలేదు. కంటికి ఆనని ఈ పురుగులు మన ఒంటి నుంచి రాలే పొట్టు తిని బతుకుతాయి. గాలిలో తేమ యాభై శాతం దాటితే వాటికి పండగే. ఆస్తమా ఉన్నవాళ్లకు ముప్పు తెచ్చేది ముఖ్యంగా వాటి విసర్జితాలు. అక్క మనవడికి ఈ ఇంటికొచ్చిన ప్రతిసారీ రాత్రిళ్లు పిల్లికూతలే. నీళ్లు పడలేదనుకునేవారు ఇన్నాళ్లూ! తివాచీ ఒక్కటే కారణమని చెప్పలేం. పరుపులూ దిళ్లలోనూ ఈ పురుగులు ఉంటాయి. కానీ అనుమానం వచ్చాక అక్కకి నిద్రపట్టలేదు.

తీయడం మరో ప్రహసనం. మీరూ తీయిస్తుంటే ముక్కుకు మాస్కు కట్టుకోండి, పిల్లల్ని ఆ పూట పక్కింటికి పంపండి. దుమ్ము లేవకుండా కాసిని నీళ్లు చిలకరించి, రెండేసి అడుగుల పట్టీలుగా కోసి, చాపలా చుట్టి బయటకు తీసుకెళ్లాలి. గట్టిపడిన జిగురు మాత్రం ఓ పట్టాన వదలదు. 'యాసిడ్ పోస్తే ఇట్టే పోతుందమ్మా' అన్నాడు పనికొచ్చినతను. అక్క సరేననబోతుంటే నేనే ఆపాను. అడుగున ఉన్నది తాండూరు రాయి. సున్నపురాయి జాతి. యాసిడ్ పడితే నునుపంతా పోయి మచ్చలు తేలుతుంది. షాబాదు బండలకైనా, మొజాయిక్‌కైనా అంతే. గోరువెచ్చటి నీళ్లలో తడిపిన గుడ్డలు పరిచి, నాననిచ్చి, వెడల్పాటి రేకుతో గీకించాం. రెండు రోజులు పట్టింది.

నేల బయటపడ్డాక మళ్లీ తివాచీ ఎందుకనిపించింది అక్కకి. బావ ఒప్పుకోలేదు. చలికాలం ఆ బండల మీద కాలు పెడితే మోకాళ్లు పట్టేస్తాయని ఆయన బాధ. నిజమే మరి! అంతగా కావాలంటే కార్పెట్ టైళ్లు దొరుకుతున్నాయి, పాడైన ముక్క వరకే మార్చుకోవచ్చు. కానీ గోడ చెమ్మ ఆరకుండా పరిస్తే ఏదైనా బూజుపట్టేదే. చివరికి వరంగల్ జంపఖానాలు రెండు తెచ్చారు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన నూలు నేత అది. దులిపి ఎండలో ఆరేయొచ్చు, తడిగుడ్డతో నేల తుడుచుకోవచ్చు. ఒకటి బావ కుర్చీ కింద పరిచారు. ఆయన మేజోళ్లు మాత్రం మానలేదు.

మనవడు దసరా సెలవులకు వస్తాడు. ఈలోగా అక్క దిళ్లూ పరుపులూ డాబా మీద ఎండేస్తోంది.