విజ్ఞుల మాట మారిన వేళ

1968 మార్చి 26న వైట్ హౌస్‌లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌తో కలిసి భోజనానికి కూర్చున్న పెద్దల్లో చాలామందికి అప్పటికి ప్రభుత్వంలో ఏ పదవీ లేదు. ట్రూమన్ హయాంలో విదేశాంగ మంత్రిగా చేసిన డీన్ అచెసన్, రెండో ప్రపంచ యుద్ధపు సేనాని ఒమర్ బ్రాడ్లీ, కొరియాలో సైన్యాన్ని నడిపిన మాథ్యూ రిడ్జ్‌వే వంటివారు వాళ్లు. వాషింగ్టన్‌లో ఈ బృందాన్ని ‘విజ్ఞులు’ అనేవారు. 1967 నవంబరులో ఇంచుమించు ఇదే బృందం, వియత్నాంలో వెనకడుగు వేయొద్దని జాన్సన్‌కు ధైర్యం చెప్పింది. అయిదు నెలలు తిరక్కుండానే వాళ్లలో ఎక్కువమంది, బయటపడే దారి చూడమన్నారు.

అంత అనుభవం ఉన్నవాళ్ల మాట ఎలా మారింది? యుద్ధకాలపు అధ్యక్షుడికి సలహా ఎలా అందుతుందో, ఎక్కడ దారి తప్పుతుందో ఈ ఉదంతం చూపినంత స్పష్టంగా మరేదీ చూపదు.

అధ్యక్షుడికి సలహా ఇచ్చే పనికోసం అమెరికాలో 1947లోనే చట్టం చేసి జాతీయ భద్రతా మండలిని ఏర్పాటు చేశారు. అయితే దాన్ని ఎంతవరకు వాడుకోవాలన్నది అధ్యక్షుడి ఇష్టం. నలుగురిలో మాట్లాడితే పత్రికలకు పొక్కుతుందని జాన్సన్ భయం. దాంతో అసలు చర్చ మంగళవారం మధ్యాహ్న భోజనాల బల్ల దగ్గరికి చేరింది. రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా, విదేశాంగ మంత్రి డీన్ రస్క్, భద్రతా సలహాదారు మెక్‌జార్జ్ బండీ అక్కడ ముఖ్యులు. ఉత్తర వియత్నాంలో ఎక్కడ బాంబులు వేయాలో కూడా అక్కడే తేలేది. సైన్యాధిపతికి చాలాకాలం ఆ బల్ల దగ్గర శాశ్వత స్థానం లేదు. తొలి ఏళ్లలో ఏం మాట్లాడుకున్నారో సరిగ్గా రాసిపెట్టినవాళ్లూ లేరు.

జాన్సన్ ఎవరినీ అడగలేదనడం మాత్రం అన్యాయం. రాత్రీ పగలూ ఫోన్ చేసి అడిగేవారు. 1964 మే 27న సెనేటర్ రిచర్డ్ రస్సెల్‌తో, బండీతో ఆయన మాట్లాడిన ఫోన్ టేపులు నేటికీ ఉన్నాయి. వియత్నాం కోసం పోరాడటం తగునా అన్న అనుమానం ఆ గొంతులో దాగదు. అమెరికా పోరాట దళాలు అక్కడ దిగడానికి ఇంకా పది నెలల సమయం ఉంది.

వ్యతిరేకించినవాళ్లూ ఉన్నారు. విదేశాంగ ఉపమంత్రి జార్జ్ బాల్, ఈ యుద్ధం గెలవలేనిదని 1964 అక్టోబరులోనే పెద్ద నివేదిక రాశారు. అది అధ్యక్షుడి కంట పడేసరికి 1965 వచ్చింది. ఆ ఏడాది జులై 21న బాల్ వాదనను జాన్సన్ ఓపిగ్గానే విన్నారు. వారం తిరిగేసరికి, జులై 28న, దళాలను 75,000 నుంచి 1,25,000కు పెంచుతున్నట్టు ప్రకటించారు. కాదనడమే బాల్ పని అని అందరూ అనుకోవడంతో ఆయన మాటకు బరువు తగ్గింది. ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీకి ఆపాటి మర్యాద కూడా దక్కలేదు. 1965 ఫిబ్రవరిలో యుద్ధం పెంచొద్దని లేఖ రాసినందుకు ఆయన్ని నెలల తరబడి వియత్నాం చర్చలకు దూరం పెట్టారు.

అడిగే తీరులోనే జవాబు దాక్కుని ఉంది. మెక్‌నమారా ఆ జులైలో ఇచ్చిన పత్రంలో మూడు దారులున్నాయి: అవమానంతో వైదొలగడం, ఉన్నచోటే ఉండి నానాటికీ బలహీనపడటం, బలగాలు పెంచడం. అలా పేర్చాక మూడోదాన్ని కాదనడం ఎవరికైనా కష్టమే.

1968 జనవరి చివర్లో, వియత్నామీయుల కొత్త సంవత్సరమైన టెట్ పండుగ వేళ, దక్షిణ వియత్నాంలో చాలా పట్టణాలపై కమ్యూనిస్టు దళాల దాడులు విరుచుకుపడ్డాయి. సైన్యం మరో 2,06,000 మందిని అడిగింది. మార్చి 1న రక్షణ మంత్రి అయిన క్లార్క్ క్లిఫర్డ్, ఇంతమందిని పంపితే చాలా, యుద్ధం ఎన్నాళ్లు సాగుతుందని సేనాధిపతులను నిలదీశారు. ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. అచెసన్ అంతకుముందే, పైవాళ్లు వండి వడ్డించిన వివరణలు తనకొద్దని అధ్యక్షుడికి చెప్పి, పని తెలిసిన కిందిస్థాయి అధికారులను స్వయంగా ప్రశ్నించారు. నా దృష్టిలో ఈ కథకు ఇదే కీలకం. నవంబరులో విజ్ఞులు విన్నది గెలుస్తున్నామన్న కథనం. మార్చి 25 రాత్రి వాళ్ల ముందు నిలబడినవాళ్లలో దౌత్యాధికారి ఫిలిప్ హబీబ్ ఉన్నారు. ఇప్పటి పరిస్థితుల్లో గెలవలేమని ఆయన తేల్చి చెప్పారు. సైన్యం తరఫున జనరల్ విలియం డిప్యూయ్, శత్రువు భారీగా నష్టపోయాడని లెక్కలు వినిపించారు. ఐక్యరాజ్యసమితిలో రాయబారి ఆర్థర్ గోల్డ్‌బర్గ్ ఆ లెక్కలే తీసుకుని, చనిపోయినవాళ్లకు తోడు గాయపడ్డవాళ్లనూ తీసేస్తే ఇక మనం పోరాడుతున్నది ఎవరితోనని అడిగారు.

మర్నాడు బృందం అభిప్రాయాన్ని, అప్పటికి విజ్ఞుల్లో ఒకరైన బండీయే చదివి వినిపించారు. 1965లో దళాలు పెంచమన్నవాళ్లలో ఆయనా ఒకరు. బ్రాడ్లీ, మరో మాజీ సేనాని మాక్స్‌వెల్ టేలర్ వంటి కొద్దిమంది విభేదించారు. జాన్సన్ నిర్ఘాంతపోయి, వాళ్లకు చెప్పిందే తనకూ చెప్పమని ఆ అధికారులను పిలిపించుకున్నారు.

మార్చి 31 రాత్రి ఆయన టీవీలో మాట్లాడారు. ఉత్తర వియత్నాంలో చాలా ప్రాంతాలపై బాంబుదాడులు ఆపుతున్నామని, మళ్లీ అధ్యక్ష పదవికి పోటీ చేయనని ప్రకటించారు. మే నెలలో పారిస్‌లో చర్చలు మొదలయ్యాయి. అమెరికా దళాలు పూర్తిగా వెనక్కి రావడానికి మాత్రం 1973 దాకా పట్టింది. ఆ యుద్ధంలో మరణించిన 58,000 మందికి పైగా అమెరికన్లలో సగానికి మించి, ఆ ప్రసంగం తర్వాత చనిపోయినవారే.